సాంపిల్ అంటే ఏంటి? ఒకే మాట, రెండు అర్థాలు: ఫోన్‌లో బీట్స్ చేసేవాళ్ళ కోసం

ఫోన్‌లో బీట్స్ చేసే మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "బ్రో, వేరే పాట నుంచి 10 సెకన్ల లోపు ముక్క తీసుకుంటే కాపీరైట్ రాదంట కదా?" ఒక్క ముక్కలో జవాబు: అలాంటి రూలేం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు సాంపిల్ అంటే ఏంటో తెలియాలి. ఈ మాటకి రెండు అర్థాలున్నాయి, కన్‌ఫ్యూజన్ అంతా అక్కడే మొదలవుతుంది.

మొదటి అర్థం ఇంజనీర్లది. శబ్దం అంటే గాలిలో వచ్చే అల. మైక్ ఆ అలని కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంతుందో మీ ఫోన్ సెకనుకి కొన్ని వేలసార్లు కొలిచి, నంబర్లుగా రాసుకుంటుంది. అలా కొలిచిన ఒక్కో నంబరే ఒక సాంపిల్. వీడియోకి సెకనుకి 30 ఫ్రేములు ఎలాగో, ఆడియో సీడీకి సెకనుకి 44,100 సాంపిళ్ళు అలాగ. దీన్నే సాంప్లింగ్ రేట్ అంటాం. ఇన్ని ఎందుకంటే, మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. ఒక అలని సరిగ్గా పట్టుకోవాలంటే దాని ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి.

రెండో పదం బిట్ డెప్త్. ఇది మన స్కేలు మీద ఎన్ని గీతలున్నాయో చెప్పేది. 8 బిట్‌లో 256 మెట్లు, 16 బిట్‌లో 65,536 మెట్లు. మెట్లు తగ్గేకొద్దీ కొలత మోటుగా అవుతుంది, వెనకాల గరగర వినిపిస్తుంది. సెకనుకి 44,100 సార్లు, ఒక్కోసారి 2 బైట్లు, స్టీరియోకి రెండు ఛానళ్ళు. లెక్కేస్తే నిమిషానికి 10 ఎంబీ పైనే. డబ్ల్యూఏవీ ఫైల్ అంత బరువు ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇక రెండో అర్థం, మ్యూజిక్ చేసేవాళ్ళది. రికార్డయిన పాటలోంచి కోసుకున్న ముక్కని కూడా సాంపిల్ అనే అంటారు. ఆ పని చేసే మెషీన్ సాంప్లర్. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే సాంప్లర్ చూడండి: 12 బిట్, మొత్తం మెమరీ 10 సెకన్లు! అందుకే ఆ రోజుల్లో 33 ఆర్‌పీఎం రికార్డుని 45 స్పీడులో తిప్పి సాంపిల్ చేసేవాళ్ళు, తర్వాత మెషీన్‌లో స్లో చేసుకునేవాళ్ళు. మెమరీ ఆదా, దాంతోపాటు ఒక రకం గరుకు సౌండ్ ఫ్రీ. పాత హిప్‌హాప్‌లో మనకి నచ్చే ఆ మోటుదనంలో కొంత ఇక్కడి నుంచే వచ్చింది.

కోసిన ముక్కని ఇంకా చిన్న ముక్కలు చేసి కొత్త వరసలో పేర్చడం చాప్. అదే ముక్క తిరిగి తిరిగి వచ్చేలా చేయడం లూప్. నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పేది బీపీఎం. స్పీడు పెంచితే మామూలుగా పిచ్ కూడా పెరుగుతుంది, గొంతు పిల్లల గొంతులా అయిపోతుంది. పిచ్ మారకుండా స్పీడు మాత్రమే మారిస్తే అది టైమ్ స్ట్రెచ్.

మిడి విషయంలో ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మిడి శబ్దం కాదు, సూచనల కాగితం. ఏ నోటు, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నదే అందులో ఉంటుంది. మిడి పులిహోర రెసిపీ అయితే, ఆడియో వండేసిన పులిహోర. కాగితం మీద ఉప్పు తగ్గించొచ్చు, వండేసిన దాంట్లోంచి ఉప్పు తీయలేం కదా!

ఈ పోలిక ఊరికే చెప్పలేదు. పాటకి హక్కులు కూడా ఇలాగే రెండు ఉంటాయి. బాణీ, సాహిత్యం మీద హక్కు రెసిపీ లాంటిది. రికార్డింగ్ మీద హక్కు వండిన పులిహోర లాంటిది, దీన్నే మాస్టర్ అంటారు. పాటలోంచి ముక్క కోస్తే మామూలుగా రెండింటికీ పర్మిషన్ కావాలి. ఆ పర్మిషన్ తీసుకోవడాన్నే క్లియరెన్స్ అంటారు. అదే బాణీని మీరే కొత్తగా వాయించి రికార్డ్ చేసుకుంటే మాస్టర్ జోలికి వెళ్ళినట్టు కాదు, కానీ బాణీకి పర్మిషన్ ఇంకా కావాలి.

ఇప్పుడు 10 సెకన్ల కథకి వద్దాం. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండ్ 'ఆమెన్, బ్రదర్' అనే పాట రికార్డ్ చేసింది. మధ్యలో అందరూ ఆగిపోతారు, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు. సుమారు 7 సెకన్లు, అంతే. దాని పేరే ఆమెన్ బ్రేక్. 1980లలో హిప్‌హాప్ వాళ్ళు దాన్ని లూప్ చేశారు. 1990లలో ఇంగ్లండ్‌లో స్పీడు పెంచి, ముక్కలు చేసి తిరగేసి పేరిస్తే జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే మ్యూజిక్ దాని మీదే నిలబడింది. ఇప్పటికి వేల పాటల్లో ఆ 7 సెకన్లు ఉన్నాయి.

కోల్‌మన్‌కి రాయల్టీ ఏమీ రాలేదు. 2006లో అట్లాంటాలో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. బ్యాండ్ లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కి కూడా దశాబ్దాలపాటు ఏమీ అందలేదు. 2015లో అభిమానులు ఆన్‌లైన్‌లో చందాలేసుకుని సుమారు 24,000 పౌండ్లు ఇచ్చారు.

ఆ 7 సెకన్లని సీడీ లెక్కలో కొలిస్తే ఒక్కో ఛానల్‌కి 3 లక్షల పైనే నంబర్లు. ఒక్కో నంబర్ ఎవరి సొత్తూ కాదు. కానీ అవన్నీ ఆ వరసలో ఉన్నాయంటే ఒక మనిషి చేతులు ఆ రోజు అలా వాయించాయి కాబట్టే. సెకన్లు లెక్కపెడితే ఆ మనిషి కనపడడు.

కోర్టులు కూడా సెకన్ల గీత గీయలేదు. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ సాంపిల్ కేసు ఓడిపోయాక క్లియరెన్స్ తప్పనిసరి అలవాటైపోయింది. తర్వాత 2 సెకన్ల గిటార్ ముక్క మీద ఒక కోర్టు తప్పంది. 2016లో పావు సెకను కూడా లేని ముక్క మీద ఇంకో కోర్టు పర్లేదంది. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఇన్ని సెకన్లు ఫ్రీ అన్న మాట ఎక్కడా లేదు. పిచ్ కొంచెం మార్చి అప్‌లోడ్ చేస్తే క్లెయిమ్ రాకపోవచ్చు. క్లెయిమ్ రాకపోవడం వేరు, పర్మిషన్ ఉండటం వేరు.

మరి ఏం చేయాలి? రాయల్టీ ఫ్రీ ప్యాక్‌లు వాడండి, కానీ ఆ మాటకి ఉచితం అని అర్థం కాదు. ఒకసారి కొంటే ప్రతిసారీ కట్టక్కర్లేదు అని. లైసెన్స్ చదవండి. క్రియేటివ్ కామన్స్‌లో ఎన్‌సీ అని ఉంటే డబ్బు సంపాదించే వాటిలో వాడకూడదు, బీవై అని ఉంటే పేరు వేయాలి.

అన్నిటికంటే మంచి దారి మీ చేతిలోనే ఉంది. ఫోన్ మైక్ ఆన్ చేసి కుక్కర్ విజిల్, బస్సు డోర్ కొట్టే చప్పుడు రికార్డ్ చేసి చాప్ చేయండి. మీ ఊళ్ళో డప్పు వాయించే అన్నని రికార్డ్ చేస్తే మాత్రం ముందే అడగండి. ఆయన పేరు వేయండి. డబ్బు వస్తే ఆయన వాటా ఎంతో ఆ రోజే మాట్లాడి వాట్సాప్‌లో రాసిపెట్టుకోండి. ఇదంతా రెండు నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో ఈక్వలైజర్, కంప్రెసర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.