పాలిష్ చేయించే ముందు కారును ఇలా సిద్ధం చేసుకోండి

కూతురి పెళ్లికి వారం ముందు మా మామూ తన నల్ల కారుకు పాలిష్ చేయించారు. రుఖ్సతీ ఆ కారులోనే కావాలని ఆయన ఆశ. రాత్రి ఇంటికి తెచ్చినప్పుడు తళతళలాడింది. తెల్లారి ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు! షాపులో అడిగితే "అవి ముందే ఉన్నాయి భాయ్" అన్నారు. కానీ మామూ అక్కడే కూర్చుని చూశారు. ఒకసారి నీళ్లు కొట్టి, గుడ్డతో తుడిచి, నేరుగా మెషీన్ పెట్టేశారట.

తప్పు పాలిష్‌ది కాదు, దానికి ముందు చేయాల్సిన పని చేయకపోవడం.

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. చాలా కార్లలో దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. పాలిష్‌లో సన్నటి గరుకు పొడి ఉంటుంది. అది ఈ పొరను కొంచెం అరగదీసి గీతలు పోగొడుతుంది. దుమ్ము ఉండగానే మెషీన్ తిప్పితే ఆ ఇసుకే కొత్త గీతలు గీస్తుంది. నేను కామర్స్ చదివాను కాబట్టి లెక్కల్లో చెప్తా: క్లియర్ కోట్ అనేది తీసుకోవడమే తప్ప మళ్లీ వేయడం కుదరని ఖాతా. అది అయిపోతే మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

కడగడం

కారును నీడలో పెట్టండి. బానెట్ చేతికి చల్లగా తగలాలి. ముందు ధారగా నీళ్లు కొట్టి మట్టి దించేయాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మంచి నీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి కడుగుతూ, ప్రతిసారీ గుడ్డను మంచి నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. టైర్లకు వేరే గుడ్డ వాడండి. బట్టల సర్ఫ్ మాత్రం వద్దు.

బోరు నీళ్లతో కడిగితే వాటంతట అవే ఆరనివ్వకండి, తెల్ల మచ్చలు పడతాయి. వెంటనే తుడవాలి. కొత్తగా పడ్డ మచ్చలైతే తెల్ల సిర్కాలో అంతే నీళ్లు కలిపి తుడిచి, వెంటనే కడిగేయండి.

కంటికి కనబడని మురికి

కడిగి ఆరబెట్టాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. నున్నగా జారితే సరే. గరగరలాడితే ఇంకా మురికి అంటుకుని ఉందన్నమాట. రోడ్డు తారు చుక్కలకు తారు రిమూవర్ ఉంటుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజనుకు ఐరన్ రిమూవర్ కొడితే చాలావరకు ఊదా రంగులోకి మారి కరుగుతుంది. దాన్ని ఎండిపోనివ్వకుండా కడిగేయాలి.

అప్పటికీ గరుకుగా ఉంటే క్లే బార్ వాడాలి. ఇది మైదా ముద్దలా మెత్తగా ఉంటుంది. షాంపూ నీళ్లు బాగా చల్లి, ఒత్తకుండా మెల్లగా రుద్దాలి. మురికి అంటిన వైపును లోపలికి మడుస్తూ ఉండండి. ముద్ద కింద పడిందా, ఇక పారేయండి. కడిగి మళ్లీ వాడదామనుకుంటే అందులో ఇరుక్కున్న ఇసుక రంగును గీకేస్తుంది.

మెషీన్ పెట్టే ముందు

మళ్లీ ఒకసారి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టార్చి వేసి గీతలు చూడండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, తర్వాత "ముందే ఉన్నాయి" అనే మాట రాదు. రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేప్ అంటించాలి. అందరికీ కనబడని చిన్న చోట పాలిష్ చేసి చూశాకే మిగతాది మొదలుపెట్టాలి. వ్యాక్స్ ఎప్పుడూ ఆఖర్నే. అది గీతలు తీయదు, పైన కాపలా మాత్రం ఉంటుంది.

షాపులో ఇస్తుంటే తాళాలు చేతిలో పెట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి: "పాలిష్‌కు ముందు ఏమేం చేస్తారు? దానికి ఎంతసేపు పడుతుంది?" పావుగంట అన్నారంటే తాళాలు జేబులో వేసుకుని వచ్చేయండి.

మామూ కారు పెళ్లికి అలాగే వెళ్లింది. పూల అలంకరణ బానెట్‌ను కప్పేసింది కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆయన మాత్రం ఇప్పటికీ ఎండలో కారు దగ్గరికి వెళ్తే ముందు బానెట్ వైపే చూస్తారు.