చేతి గడియారం కొనే ముందు

ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు మోతె నుండి సూర్యాపేటకు బస్సెక్కబోతూ నన్నడిగాడు: "సార్, రెండు గడియారాలు చూసి ఉంచాను. ధర ఇంచుమించు ఒకటే. ఏది కొనమంటారు?" ఒకటి కొత్త క్వార్ట్జ్ గడియారం. రెండవది కీ ఇచ్చే పాత హెచ్.ఎం.టి. జనతా, వాళ్ల తాతగారి చేతికి అటువంటిదే ఉండేదట. చేతిలోని సొమ్ము ఉపకారవేతనంలో మిగిల్చుకొన్నది. ఒకసారి పొరబడితే మళ్ళీ కొనగల స్తోమత లేదు. నేను అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు కనుక ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

గడియ అంటే 24 నిమిషాలు. దినానికి 60 గడియలు. తెలుగు గడియారానికీ ఉర్దూ ఘడీకీ మూలం ఒకే సంస్కృత శబ్దమని ఈ సంచికలోని ఉర్దూ విభాగపు పాఠకులకు కూడ మనవి. మన దేశంలో సామాన్యుని మణికట్టుకు గడియారాన్ని చేర్చిన ఘనత చాలావరకు హెచ్.ఎం.టి.ది. జపాను సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో ఆ కర్మాగారం వెలసింది. మన హైదరాబాదు ఆల్విన్ కూడ 1980ల దశకంలో సీకో సహకారంతో గడియారాలు చేసింది. నేడు ఆల్విన్ లేదు. హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థను మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కాబట్టి బజారులో కనబడే జనతాలలో అధిక భాగం ఎవరో ఒకరు ధరించి విడిచినవే.

జనతాలో చుట్టిన స్ప్రింగు విప్పుకొంటూ చక్రాలను త్రిప్పుతుంది. లోపలి బ్యాలెన్సు చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకొంటుంది. దినానికొకసారి కీ ఇవ్వాలి. క్వార్ట్జ్‌లో చిన్న స్ఫటికపు పలుకు విద్యుత్తు తగిలి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 2ను 15 మార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. దానిని 15 మార్లు సగం చేసుకొంటూ పోతే సెకనుకొక స్పందనం మిగులుతుంది. ముల్లు కదిలేది దానితోనే. గణిత విద్యార్థులు ఇక్కడ కాసేపు ఆగినా నష్టం లేదు.

ఫలితమేమిటి? మంచి స్థితిలోని పాత జనతా దినానికి అర నిమిషం తేడా చూపినా తప్పు పట్టలేము. సరిచేయకుంటే వారానికి మూడున్నర నిమిషాలు. బస్సు తప్పిపోవడానికి అంత చాలు. సాధారణ క్వార్ట్జ్‌కు నెలకు 15, 20 సెకన్లకు మించి తేడా రాదు. రెండు మూడేళ్లకొకసారి సెల్లు మార్చాలి. అయిపోయిన సెల్లును లోపలే వదిలితే కారి యంత్రాన్ని తినివేస్తుంది.

పాత జనతా విషయంలో మరొక చిక్కున్నది. డయలుకు కొత్త రంగు పూసి, నాలుగు గడియారాల భాగాలు కూర్చి కొత్తదాని వలె అమ్ముతారు. నేనే ఒకసారి నగరంలో నీలిరంగు డయలుకు ముచ్చటపడి కొన్నాను. మూడు వారాలు నడిచింది. డయలు ధగధగలాడుతూ, వెనుక మూత అరిగి ఉంటే అనుమానించండి. ఒక దినం ఫోనులోని సమయంతో పోల్చి చూడనివ్వని వర్తకుని వద్ద కొనకండి.

కొత్తదానికీ పరీక్ష ఉన్నది. వెనుక 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని చెక్కి ఉంటే ఆ మూత మాత్రమే ఉక్కు అని అర్థం. చుట్టూ ఉన్న చట్రం ఇత్తడిపై పూత కావచ్చును. మన ఎండలకు పట్టే చెమటతో అది పొరలు పొరలుగా లేస్తుంది. '30 మీటర్లు' అని ఉన్నంత మాత్రాన దానితో బావిలో ఈదరాదు. వజూ చేసేటప్పుడు పడే తుంపరలకు ఓర్చుకొంటుంది, అంతే. జనతాపై ఉండే ప్లాస్టిక్ అద్దం త్వరగా గీతలు పడినా మెరుగుపెడితే పోతాయి. మినరల్ అద్దం గీతలకు ఓర్చుకొంటుంది గాని గట్టి దెబ్బకు పగులుతుంది.

ఆ విద్యార్థికి నేడైతే క్వార్ట్జ్‌నే కొనమంటాను, చట్రమంతా ఉక్కుదై ఉంటే. (నీట్ వంటి పరీక్షల హాలులోకి ఏ గడియారాన్నీ రానివ్వరన్నది వేరే సంగతి.) ఇక జనతాపై మనసుంటే ఎవరిదో కొనడమెందుకు? తాతగారిది ఇంట్లో పెట్టె అడుగున ఉన్నదేమో ముందు వెదకి, సూర్యాపేటలో ఇంకా కీ గడియారాలు విప్పగల పాత మెకానిక్కు చేత శుభ్రం చేయించుకోమంటాను.