రాజు పేరు మోస్తున్న రాష్ట్రం

1682 ఏప్రిల్ 9. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట లా సాల్ అనే ఫ్రెంచ్ అన్వేషకుడు ఒక స్తంభం పాతించాడు. ఆ నదీ, దాని ఉపనదులూ పారే నేలంతా తన రాజు పద్నాలుగో లూయీదేనని ప్రకటించి, లూసియానా అని పేరు పెట్టాడు. తరతరాలుగా అక్కడున్న ఆదివాసీ తెగలను అడిగిన పాపాన పోలేదు. లూయీ ఆ నేల మీద ఏనాడూ కాలుపెట్టలేదు.

నెల తిరక్కముందే ఆ రాజు తన కొలువును వెర్సాయ్ రాజభవనానికి మార్చాడు. నాలుగేళ్ల వయసులో సింహాసనమెక్కిన లూయీ, చిన్నతనంలోనే ప్రభువుల తిరుగుబాటు చూశాడు. పారిస్ వదిలి రాత్రికి రాత్రి పారిపోవలసి వచ్చింది. ఆ భయమే ఆయన పాలనను మలిచిందనాలి. 1661లో మంత్రి మజారిన్ చనిపోగానే, ఇకపై ప్రధానమంత్రి ఉండడని తేల్చేశాడు. ప్రభువులను వెర్సాయ్‌లో తన కళ్లెదుట పెట్టుకున్నాడు. రాష్ట్రాల్లో పెత్తనం తాను నియమించిన అధికారులకు అప్పగించాడు. పన్నులపై రాజును నిలదీయగల ప్రతినిధుల సభ 1614 తర్వాత 1789 దాకా కొలువుదీరనే లేదు. 72 ఏళ్లు ఏలి, 1715లో ఆయన కన్నుమూసేనాటికి ఖజానా యుద్ధాల అప్పుల్లో మునిగిపోయింది.

ఆయన మంత్రి కోల్‌బేర్ 1664లో పెట్టించిన ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీయే 1669లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచింది. బానిసల కోసం ప్రత్యేక చట్టం తయారుచేసే పనీ ఆ మంత్రే మొదలుపెట్టించాడు.

1685లో లూయీ సంతకం చేసిన ఆ చట్టం పేరు కోడ్ న్వార్. దాన్నే కొద్ది మార్పులతో 1724లో లూసియానాలో అమల్లోకి తెచ్చారు. దాని లెక్కలో బానిస మనిషి కాదు, చరాస్తి. నెలరోజులు పరారీలో ఉంటే చెవులు కోసి, భుజం మీద లిల్లీ పువ్వు ముద్రను కాల్చి వేయాలి. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం తెగ్గొట్టాలి. మూడోసారికి మరణమే. ఆ లిల్లీ ఫ్రెంచ్ రాజచిహ్నం. నిరంకుశ రాజరికం అసలు ముఖం చూడాలంటే వెర్సాయ్ అద్దాల మందిరం కన్నా ఈ చట్టం చదవడం మేలు.

1803లో నెపోలియన్ 21 లక్షల చదరపు కిలోమీటర్ల లూసియానాను కోటిన్నర డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. అందులో దక్షిణపు ముక్క 1812 ఏప్రిల్ 30న 18వ రాష్ట్రమైంది. రాజధాని బాటన్ రూజ్. 2020 లెక్కల ప్రకారం జనాభా సుమారు 46.6 లక్షలు. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అన్నిటా కౌంటీలుంటే ఇక్కడ 64 పారిష్‌లు. ఆస్తి, వారసత్వ తగాదాలకు ఈ రాష్ట్రానిది ఫ్రెంచ్, స్పానిష్ మూలాలున్న సొంత సివిల్ కోడ్.

లిల్లీ గుర్తు నేటికీ న్యూ ఆర్లీన్స్ నగర పతాకం మీద ఉంది, ఫుట్‌బాల్ జట్టు హెల్మెట్ల మీదా ఉంది. ఆ నగరంలోనే, ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో చేరి ఆఫ్రికన్ డప్పులు వాయించిన బానిసల సంగీతం తర్వాతి కాలంలో జాజ్‌కు ఒక మూలమైంది.

అమెరికాలోని తెలుగువారు న్యూ ఆర్లీన్స్ పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్ చూసి రావడం మామూలే. ఈసారి వెళ్తే, అక్కడికి సుమారు గంట ప్రయాణంలో ఉన్న విట్నీ ప్లాంటేషన్ మ్యూజియంకు పిల్లలను కూడా తీసుకెళ్లండి. 2014లో తెరిచిన ఆ మ్యూజియం చెప్పేది యజమానుల కథ కాదు, అక్కడ చాకిరీ చేసిన బానిసల కథ. వారి పేర్లు గోడల మీద చెక్కి ఉన్నాయి, చదివి రండి.