జపాన్‌ కెమెరా... నాన్న షష్టిపూర్తి!

‘బావా, వచ్చేటప్పుడు అక్కణ్నుంచి ఓ కెమెరా పట్రాగలవా?’ టోక్యోలో ఉంటున్న బావని మొహమాటపడుతూనే అడిగాను. 2024లో డాలరు ముందు యెన్‌ బాగా పడిపోయి ఉంది. ఇక్కడి ధరతో పోలిస్తే దాదాపు ఇరవై వేలు తక్కువ. పైగా మరో నెలలో నాన్న షష్టిపూర్తి. ఇంకేం కావాలి!

అలా మా ఇంటికొచ్చింది మిర్రర్‌లెస్‌ కెమెరా. పేరులోనే ఉంది కదా... లోపల అద్దం ఉండదు. ఎస్‌ఎల్‌ఆర్‌లలో లెన్స్‌లోంచి వచ్చే వెలుగు అద్దంమీద పడి, పైకి మళ్లి మన కంటికి చేరుతుంది. దీంట్లో నేరుగా సెన్సర్‌ మీదే పడుతుంది. సెన్సర్‌ చూస్తున్నదే చిన్న తెరమీద మనమూ చూస్తాం. ఫొటో నల్లగా వస్తుందో తెల్లగా పాలిపోతుందో తీయకముందే తెలిసిపోతుందన్నమాట. 2008లో పానసోనిక్‌ జి1 వచ్చాక ఈ తరహా కెమెరాలు ఊపందుకున్నాయి.

సంబరంగా స్విచ్‌ నొక్కానా... మెనూ నిండా జపాన్‌ అక్షరాలే! ఆ దేశంలో అమ్మడానికే చేసిన కొన్ని మోడళ్లలో వేరే భాష ఉండదు. ‘షాపువాడు చెప్పాడురా, నేనే పట్టించుకోలేదు’ అన్నాడు బావ. అక్క ఫోన్లో ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే మా ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుంది. ‘మూడోది- కార్డులో ఫొటోలన్నీ పోతాయి, ముట్టుకోవద్దు’ అన్నదానికింద ఎర్రగీత కూడా! వారంటీ సంగతీ అంతే. ఏ దేశంలో కొంటే ఆ దేశానికే పరిమితం కావడం మామూలు. అంటే పాడైతే బాగుచేయించే ఖర్చు మనదే. ఆ ఇరవైవేలూ మిగిలినట్టా కాదా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

అసలు పరీక్ష కల్యాణ మండపంలో ఎదురైంది. చప్పుడు మంత్రాలకి అడ్డెందుకని శబ్దంరాని షటర్‌ పెట్టాను. గణపతి పూజ ఫొటోలన్నిట్లో అడ్డంగా నల్లచారలు! గుండె జారిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ కాబట్టి చాలా దీపాలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. కానీ శబ్దంరాని షటర్‌ వాడితే సెన్సర్‌ బొమ్మని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఆ మినుకు చారలై పడుతుంది. నోట్‌బుక్‌ వెతికి, మామూలు షటర్‌కి మారి, వేగం సెకనులో వందోవంతుకి తెచ్చేసరికి సూత్రధారణ ముహూర్తం వచ్చేసింది. లెన్స్‌ మారుద్దామనుకున్నా గానీ పైనుంచి అక్షింతలు, పసుపు... అద్దం అడ్డులేదు, అన్నీ సెన్సర్‌ మీదికే! ఉన్నదాంతోనే ముందుకు జరిగాను. బ్యాటరీ రెండోది వేసేశా అప్పటికే.

ఆ ఫొటోలో చారల్లేవు. నాన్న మూడోముడి వేస్తున్నాడు. అమ్మ తలవంచలేదు, కెమెరావైపే చూస్తోంది... ‘పడిందా?’ అని అడుగుతున్నట్టు.