వీడియో ఆగిపోతే ఏం చేయాలి?

మన సొసైటీ ట్యూషన్ గదిలో రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఒక దాత తమ ఆఫీసులో వాడినవి మనకు ఇచ్చారు. సాయంత్రం పూట పదో తరగతి పిల్లలు వాటి ముందు కూర్చొని టీ-శాట్ పాఠాలు, యూట్యూబ్‌లో లెక్కల వీడియోలు చూస్తుంటారు. మొన్నటి చలికాలంలో వాళ్ళలో ఒక అమ్మాయి వరుసగా నాలుగు రోజులు రాలేదు. బడిలో కనబడితే కారణం అడిగాము. తల వంచుకొని, "నేనేం చేయలే సార్, ముట్టంగనే వీడియో నల్లగై ఆగిపోయింది. నేనే ఖరాబు చేసిన్ననుకుంటరేమోనని భయమైంది. పైసలు కట్టమంటే ఎట్లా అని అమ్మీ కూడా పరేషాన్‌ల ఉన్నది" అన్నది.

ఆ మాట విని మాకు బాధ కలిగింది. తప్పు ఆ పిల్లది కాదు. కంప్యూటర్ చెడిపోనూ లేదు. ఒక సెట్టింగు మార్చితే ఐదు నిమిషాల్లో వీడియో ఆడింది. కానీ భయం వల్ల ఆ అమ్మాయి నాలుగు సాయంత్రాలు, 'విద్యుత్ ప్రవాహం' పాఠం మొత్తం పోగొట్టుకున్నది. ఇంకో పిల్లకు ఇట్లా జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాము. మేము కంప్యూటర్ ఇంజనీర్లం కాము, బి.ఎడ్. చదివిన పంతుళ్ళము. చేసి చూసి నేర్చుకున్నది మాత్రమే చెబుతున్నాము.

ప్లగిన్ అంటే ఏమిటి?

ఇంటర్నెట్ పేజీలను చూపించే ప్రోగ్రామును బ్రౌజర్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ ఇటువంటివే. మొదట్లో బ్రౌజర్లకు అక్షరాలు, బొమ్మలు చూపించడమే వచ్చు, వీడియో ఆడించడం రాదు. ఇంట్లో దావత్ ఉంటే బయటి నుంచి బావర్చీని పిలిపించుకుంటాము కదా, అట్లాగే వీడియో కోసం వేరే కంపెనీ చేసిన చిన్న ప్రోగ్రామును బ్రౌజర్లో చేర్చుకునేవారు. దాని పేరే ప్లగిన్.

వాటిలో అందరికీ తెలిసినది ఫ్లాష్ ప్లేయర్. అది 1996లో వచ్చింది. 2005లో దానిని అడోబీ కంపెనీ తీసుకున్నది. అదే ఏడాది మొదలైన యూట్యూబ్ కూడా చాలా కాలం ఫ్లాష్ మీదనే నడిచింది. బావర్చీకి జ్వరమొస్తే దావత్ ఆగినట్టు, ప్లగిన్ కూలిపోతే దానితోపాటు బ్రౌజర్ మొత్తం మూతపడేది. 2010లో ఫైర్‌ఫాక్స్ వారు దీనికి ఒక ఉపాయం చేశారు. వంట ఇంట్లో కాకుండా బయట టెంటు వేసి చేయించినట్టు, ప్లగిన్‌ను వేరే గదిలో నడిపించారు. అప్పటినుంచి ప్లగిన్ పడిపోయినా వీడియో ఉన్న చోట మాత్రమే 'ప్లగిన్ క్రాష్ అయింది' అన్న మాట కనబడేది, మిగిలిన పేజీ నిలిచేది.

తర్వాత బ్రౌజర్లు తామే వంట నేర్చుకున్నాయి. హెచ్.టి.ఎం.ఎల్.5 అనే కొత్త పద్ధతి 2014 అక్టోబరులో ప్రమాణంగా ఖాయమైంది. 2015 జనవరిలో యూట్యూబ్ దానికి మారింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు కంపెనీ మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే వీడియో ఆడించడం మానేసింది. ఇప్పుడు మన పిల్లలు చూసే పాఠాలకు బయటి ప్లగిన్ ఏదీ అక్కర లేదు. డబ్బు కట్టి సినిమాలు చూసే సైట్లకు మాత్రం వైడ్‌వైన్ అనే చిన్న భాగం అవసరం. అది బ్రౌజర్‌తోపాటే వస్తుంది, మనం ఎక్కడినుంచో తెచ్చుకోవలసిన పని లేదు.

ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. 'మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేయండి' అని ఈ రోజున ఏ పేజీ అయినా అడిగితే అది మోసమే. దాన్ని నొక్కవద్దు. లేని బావర్చీ పేరు చెప్పి ఎవరో ఇంట్లోకి రావాలని చూస్తున్నారని తెలుసుకోవాలి.

ముందు చూడవలసినది

బడిలో పిల్లవాడు లెక్క తప్పితే వెంటనే కొట్టివేయము, ఏ మెట్టు దగ్గర తప్పాడో చూస్తాము. ఇక్కడా అంతే. ఏది ఆగిందో ముందు గమనించాలి.

వీడియో ఒక్కటే నల్లగా అయి, కింద ఉన్న అక్షరాలు బాగానే కదులుతుంటే, తప్పు బొమ్మ చూపించే భాగంలో ఉండవచ్చు. పేజీ మొత్తం పోయి బ్రౌజర్ క్షమాపణ మాట చూపిస్తే, చాలాసార్లు మెమరీ చాలకపోవడమో, లోపల చేర్చుకున్న ఏదైనా అదనపు ప్రోగ్రామో కారణం. కంప్యూటరే టక్కున ఆరిపోతే బ్రౌజర్‌ను అనుమానించి లాభం లేదు. వేడి, దుమ్ము, కరెంటు ఈ మూడింటిని చూడాలి. వీడియో గుండ్రంగా తిరుగుతూ ఆగి ఆగి వస్తుంటే అది క్రాష్ కాదు, నెట్ నెమ్మదిగా ఉన్నదని అర్థం.

ఆ తర్వాత అదే వీడియోను అదే నెట్ మీద ఫోనులో పెట్టి చూడాలి. ఫోనులోనూ రాకపోతే తప్పు నెట్‌దో, ఆ సైట్‌దో. ఫోనులో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే అదే వీడియోను ఇంకో బ్రౌజర్‌లో తెరవాలి. ఒక బ్రౌజర్‌లో వచ్చి ఇంకోదానిలో రాకపోతే వెతకవలసిన చోటు తెలిసిపోయినట్టే.

ఒక్కొక్కటిగా చేయవలసినవి

ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పని చేసిందో తెలియదు. ఒకటి మార్చాలి, వీడియో ఆడించి చూడాలి, బాగుపడకపోతే తర్వాతిదానికి వెళ్ళాలి.

మొదటిది, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరడం మేము చూశాము.

రెండవది, తేదీ, సమయం. కరెంటు పోయినప్పుడు గడియారం నడవడానికి కంప్యూటర్ లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. చాలా డెస్క్‌టాపులలో దాని రకం సీఆర్ 2032, శక్తి 3 వోల్టులు. పాత యంత్రాలలో అది అయిపోయి తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు సురక్షితమైన సైట్లు కూడా తెరుచుకోవు, వీడియో రాదు. తేదీ సరిచేసి, ఆ బ్యాటరీ మార్పిస్తే చాలు.

మూడవది, బ్రౌజర్‌ను కొత్తది చేయడం. పైన కుడివైపు మూలన ఉన్న గుర్తు నొక్కి, 'హెల్ప్' కింద 'అబౌట్' అనేదానికి వెళితే, క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ కొత్త వెర్షన్‌ను తానే తెచ్చుకుంటుంది. విండోస్ 7 ఉన్న యంత్రాలకు ఒక చిక్కు ఉన్నది. 2020 జనవరి 14న దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది, దాని మీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్. ఆపైన అది పెరగదు. అటువంటి యంత్రానికి ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వంటిది వేయించడం ఒక దారి.

నాలుగవది, ఎక్స్‌టెన్షన్లు. వీడియోలు దింపుకోవడానికి, ప్రకటనలు ఆపడానికి పిల్లలు చేర్చుకునే చిన్న ప్రోగ్రాములివి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే కొత్త కిటికీ తెరుచుకుంటుంది. మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పని చేయవు. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి నొక్కాలి. ఆ కిటికీలో వీడియో బాగా ఆడితే ముందుగా అనుమానించవలసినది ఎక్స్‌టెన్షన్లనే. అన్నిటినీ ఆపి, ఒక్కొక్కటే తిరిగి తెరుస్తూ పోతే తప్పుడుది దొరుకుతుంది.

ఐదవది, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్. వీడియో పనిభారాన్ని బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగిస్తుంది. ఆ చిప్పును నడిపే డ్రైవర్ ప్రోగ్రాము పాతదైతే పని అందుకోలేక వీడియో నల్లబడుతుంది. క్రోమ్‌లో 'సెట్టింగ్స్'లో 'సిస్టమ్' కింద 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' అన్న మీటను ఆపి, బ్రౌజర్‌ను మూసి తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో 'సెట్టింగ్స్'లో 'పర్ఫార్మెన్స్' దగ్గర ఇదే సౌకర్యం ఉన్నది. మన గదిలో ఆ అమ్మాయి కూర్చున్న కంప్యూటర్ బాగుపడింది దీనితోనే. యంత్రం మన చేతికి వచ్చిన నాటి నుంచి డ్రైవర్‌ను ఎవరూ మార్చలేదు. ఆ తప్పు మాది. తర్వాత కొత్త డ్రైవర్ వేసి, మీటను మళ్ళీ తెరిచాము, ఇప్పుడు ఇబ్బంది లేదు.

ఆరవది, మెమరీ. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ పేజీ ఎంత మెమరీ తింటున్నదో పట్టిక వస్తుంది. 2 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో పది పేజీలు తెరిచి పెట్టి వీడియో ఆడమంటే ఆడదు. అక్కర లేనివి మూయాలి, వీడియో కింద ఉండే చక్రం గుర్తు నొక్కి నాణ్యతను 480కో 360కో తగ్గించాలి. నల్లబల్ల మీది అక్షరాలు చదవడానికి చాలాసార్లు 480 సరిపోతుంది.

ఏడవది, దుమ్ము. మన మెదక్ ఎండల్లో, రోడ్డు పక్క గదిలో కంప్యూటర్ పెట్టె లోపల దుమ్ము పేరుకొని ఫ్యాన్ సరిగా తిరగదు. తీగ పీకేసి, మూత తీసి, మెత్తని కుంచెతో ఫ్యాను, రెక్కల మధ్య శుభ్రం చేయాలి. ఇది పిల్లలతో చేయించవద్దు.

ఈ ఏడూ చేసినా ఆగుతుంటే అప్పుడు మెకానిక్‌కు చూపించాలి. అప్పుడు కూడా 'ఖరాబైంది' అని ఊరుకోకుండా, ఏ సైట్ తెరిస్తే, ఎంతసేపటికి, ఏ మాట చూపించి ఆగిందో కాగితం మీద రాసి ఇవ్వాలి. డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పినట్టు, దానితో పని తొందరగా అవుతుంది, అనవసరపు ఖర్చు తప్పుతుంది.

చివరగా ఒక మాట

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు, తెర లేని ఇంటి పిల్లలు ఎంత వెనుకబడ్డారో పంతుళ్ళమైన మేము కళ్ళారా చూశాము. అందుకే మన సొసైటీకి కంప్యూటర్లు వచ్చిన నాడు అందరమూ సంతోషించాము. కానీ యంత్రం ఇవ్వడంతో పని పూర్తి కాదు. నెలకు ఒక గంట దాని ముందు కూర్చొని బ్రౌజర్, తేదీ, డ్రైవర్, దుమ్ము చూసేవారు ఒకరు ఉండాలి. డబ్బు ఇవ్వలేని యువకులు ఆ గంట ఇచ్చినా అది గొప్ప సాయమే.

ఇప్పుడు గదిలో ఒక నోటుబుక్కు వేలాడదీశాము. ఏ రోజు ఏది ఆగింది, తెర మీద ఏం కనబడింది, ఏం చేస్తే బాగుపడింది అని పిల్లలే అందులో రాస్తారు. మొదటి పేజీలో మేము రాసిన మాట ఒక్కటే: 'ఆగిపోతే మీ తప్పు కాదు, రాసి చెప్పండి.' దాని కింద మొదటి ఫిర్యాదు ఆ అమ్మాయి చేతి రాతలోనే ఉన్నది. మూడో పేజీకి వచ్చేసరికి ఇంకో పిల్లవాడి వీడియో ఆగితే గ్రాఫిక్స్ మీట ఆపి బాగుచేసింది కూడా ఆ అమ్మాయే.