మానిటరు తెర వెలుగనప్పుడు

ఇంటిలో కంప్యూటరు తెర ఒక ఉదయమున వెలుగకపోయినచో మనవారు సాధారణముగా పలుకు మాట ఒక్కటే: "మానిటరు పోయినది." ఆ మాట తరువాత దానిని అటక మీదికి ఎక్కింతురు, లేదా అప్పు చేసియైనను క్రొత్తది కొందురు. పాఠములు, దరఖాస్తులు, పరీక్షా ఫలితములు అన్నియు ఆ తెర మీదనే చూడవలసివచ్చుచున్న ఈ కాలమున, కూలిపనికో చిన్న ఉద్యోగమునకో పోవు తల్లిదండ్రులకు ఆ ఖర్చు చిన్నది కాదు. కాని "పోయినది" అనుట రోగము పేరు కాదు. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యుని యొద్దకు కొనిపోయి "బాగులేదు" అని మాత్రమే చెప్పి ఊరకుందుమా? ఎప్పటినుండి, ఏ వేళ, ఏమి తిన్న తరువాత అని వివరించెదము గదా! మానిటరు విషయమునను అంతే. ఏది చెడినదో తెలిసికొనిన పిమ్మటనే ఖర్చు సంగతి ఆలోచింపవలెను.

మానిటరు పనిచేయు తీరు తోలుబొమ్మలాట చూచినవారికి సులభముగా బోధపడును. తెల్లని తెర వెనుక దీపము వెలుగుచుండును. దీపమునకును తెరకును నడుమ బొమ్మలు ఆడును. బొమ్మలకు స్వయముగా వెలుగు లేదు. నేటి పలుచని మానిటర్లలో ఆ బొమ్మల పని చేయునది ద్రవస్ఫటికము. ఇది ద్రవమువలె పారుచు, స్ఫటికమువలె అణువుల వరుస కలిగియుండు చిత్రమైన పదార్థము. 1888లో రైనిట్జరు అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు దీని వింత గుణమును మొదట గమనించెను. విద్యుత్తు సోకినప్పుడు ఆ అణువుల వరుస మారును. దానినిబట్టి వెనుకనుండి వచ్చు వెలుతురులో కొంత బయటికి వచ్చును, కొంత ఆగిపోవును. వెలుతురు నిచ్చు దీపము మాత్రము వేరు. 2010 ప్రాంతమునకు ముందటి మానిటర్లలో అది సన్నని గాజుగొట్టము; తరువాతివానిలో చిన్న ఎల్.ఇ.డి. దీపముల వరుస. వీనికి తోడు లోపల రెండు పలకలుండును. ఒకటి గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 5, 12 వంటి కొద్ది వోల్టులకు దించును. రెండవది కంప్యూటరు పంపు సంకేతమును చదివి తెరకు అందించును. విద్యుత్తు, సంకేతము, బొమ్మ, దీపము: ఈ నాలుగింటిలో ఏది ఆగినను మనకు కనబడునది ఒకే నల్లని తెర. చిక్కంతయు ఇందుననే కలదు.

మొట్టమొదట చూడవలసినది మానిటరు అంచుననుండు చిన్న సూచకదీపము. అది వెలుగనిచో లోపలికి విద్యుత్తు చేరుట లేదన్నమాట, లేదా చేరినను విద్యుత్పలక పనిచేయుట లేదు. గోడ సాకెట్టులో టేబులు ఫ్యాను పెట్టి చూడుడు. తరువాత తీగ సంగతి. మానిటరునకు పెట్టు తీగయు, కంప్యూటరు పెట్టెకు పెట్టు తీగయు చాలవరకు ఒకే మాదిరివి. ఒకదానిని రెండవదానికి మార్చి చూచుటకు పైసా ఖర్చు లేదు. కొన్ని మానిటర్లకు తీగ నడుమ నల్లని అడాప్టరు ఉండును. దానికి బదులు వేరొకటి పెట్టదలచినచో వోల్టులు సరిగా అవియే కావలెను, ఆంపియర్లు తగ్గరాదు, కొనయందలి ధన ఋణముల అమరిక ఒకటే కావలెను. రంధ్రములో పట్టినంత మాత్రమున సరిపోయినట్లు కాదు.

సూచకదీపము వెలుగుచున్నను తెర నల్లగానున్నదనుకొనుడు. అప్పుడు మానిటరునకును కంప్యూటరునకును నడుమనున్న సంకేతపు తీగను మానిటరు వెనుకనుండి ఊడదీసి, మానిటరును ఒకసారి ఆర్పి వెలిగించుడు. "నో సిగ్నల్" అనియో, తీగ చూచుకొమ్మనియో అక్షరములు కొన్ని క్షణములైనను కనబడినచో మానిటరు నిక్షేపముగా బ్రతికియున్నది! ఆ అక్షరములు చూపుటకు విద్యుత్తు, బొమ్మ, దీపము మూడును పనిచేయవలెను గదా. లోపము తీగలోనో కంప్యూటరులోనో ఉన్నది. ఈ ఒక్క పరీక్ష తెలియకనే ఎన్ని మంచి మానిటర్లు పాతసామానుల బండి ఎక్కినవో! మా వీధిలో ఒక తండ్రి, తెర మార్చవలెనని దుకాణమువారు చెప్పిన మాట నమ్మి, సొమ్ము సమకూర్చుకొనుచుండెను. తొమ్మిదవ తరగతి చదువు ఆయన కుమార్తె ఈ పరీక్ష చేసి, తీగ మార్చి, తెర వెలిగించినది.

ఇక్కడ మరికొన్ని చిన్న సంగతులు. మానిటరునకు రెండు మూడు విధముల తీగలు పెట్టు వీలున్నచో, అంచున నున్న మీటతో సరియైన దానిని ఎంచుకొనవలెను. 1987లో వచ్చిన వి.జి.ఏ. తీగ మన బడులలో నేటికిని కనబడుచున్నది. దాని మొనలో 15 పిన్నులకు చోటుండును. నడిమి వరుసలో ఒక పిన్ను మొదటినుండియే లేకుండుట కలదు, అది లోపము కాదు. కాని మొదటి పిన్ను ఎరుపునకు, రెండవది ఆకుపచ్చకు, మూడవది నీలమునకు ఏర్పడినవి. మూడవది వంగినచో తెరయంతయు పసుపు వారును. కంప్యూటరు పెట్టెలో మెమరీ పలక కదలినను తెర నల్లబడవచ్చును. విద్యుత్తు తీసివేసి, దానిని ఊడ్చి మరల గట్టిగా అమర్చినచో చాలసార్లు చక్కబడును.

తీగ ఊడదీసినను అక్షరములు కనబడనిచో మూడవ పరీక్ష చేయవలెను. గది చీకటి చేసి, తీగ మరల పెట్టి, కంప్యూటరును నడుపుచు, టార్చిలైటును తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి నిదానముగా చూడుడు. లోపల అక్షరములు లీలగా కనబడినచో బొమ్మలు ఆడుచునే యున్నవి, దీపమే ఆరినది. మీట నొక్కగానే తెర రెండు క్షణములు వెలిగి ఆరిపోవుట గూడ ఈ జాతి లోపమే. గొట్టపు దీపములున్న పాత మానిటర్లలో ఇది మిక్కిలి సాధారణము.

సూచకదీపము ఆగి ఆగి వెలుగుట, మీట పలుమార్లు నొక్కినగాని తెర రాకుండుట, ఉదయము పది నిమిషములు కాగిన తరువాత వెలుగుట: ఈ లక్షణములున్నచో విద్యుత్పలకలోని కెపాసిటర్లను అనుమానింపవలెను. ఇవి చిన్న డబ్బీల వంటివి. లోపల రసాయన ద్రవముతో తడిసిన కాగితము చుట్టియుండును. విద్యుత్తులోని ఎగుడుదిగుడులను ఇవి చదునుచేయును. వేడికి ద్రవము ఆవిరియై క్రమముగా ఎండిపోవును. స్థూలముగా 10 డిగ్రీల వేడి తగ్గినచో వీని ఆయువు రెండింతలగునని చెప్పుదురు. కావుననే మానిటరు వెనుకనున్న గాలిరంధ్రములను గుడ్డతో కప్పరాదు. 2000 తరువాతి కొన్ని సంవత్సరములలో లోపించిన ద్రవముతో చేసిన కెపాసిటర్లు లోకమంతట వ్యాపించి, అసంఖ్యాకమైన మానిటర్లను అకాలముగా చెడగొట్టినవి. అట్లు చెడినదాని తల ఉబ్బియుండును, లేదా గోధుమరంగు ద్రవము కారి ఎండియుండును. ఒక్కొక్కటి పది ఇరువది రూపాయల వస్తువు.

దీనిని మార్చుటకు పెట్టె విప్పవలెను. ఇక్కడ నేను ఉపాధ్యాయుని గొంతు కొంత హెచ్చింపవలసియున్నది. వెనుకకు పొడుచుకొనివచ్చిన గాజుబుడ్డి గల పాత మానిటరును ఎవ్వరును, పెద్దవారైనను, ఇంట విప్పరాదు. రంగుల బుడ్డిలో 20,000 వోల్టులకు పైగా ఉండును. తీగ ఊడదీసిన తరువాతను అది చాలసేపు నిలిచియుండును. పలుచని మానిటరులోను ఒక పెద్ద కెపాసిటరు గలదు. దాని మీద 400 లేక 450 వోల్టులని వ్రాసియుండును. గోడ విద్యుత్తు నేరుగా మారి దానిలో సుమారు 325 వోల్టులు నిలుచును. కావున విద్యార్థులు ఒంటరిగా విప్పరాదు. ఇట్టి పనియందు అనుభవమున్న పెద్దవారు దగ్గరనుండి, తీగ తీసివేసి, గంటసేపు ఆగి, మల్టీమీటరుతో కొలిచి, వోల్టులు పోయినవని నిశ్చయించుకొనిన పిమ్మటనే పలకను చేతితో తాకవలెను. స్క్రూడ్రైవరుతో చరచి నిప్పురవ్వ తెప్పించుట నేర్పనిపించుకొనదు.

మార్పు పని కష్టమైనది కాదు. క్రొత్త కెపాసిటరు పాతదాని మైక్రోఫారడ్లే కలిగియుండవలెను. వోల్టులు అంతయైనను, కొంచెము ఎక్కువయైనను బాధ లేదు, తక్కువ కూడదు. 105 డిగ్రీలకు నిలుచు రకమును అడిగి కొనుడు. పక్కన చార గీసియున్న కాలు ఋణము. పాతది తీయకముందే చార ఏ వైపున ఉన్నదో ఫోటో తీసికొనవలెను, తలక్రిందుగా అమర్చినచో ప్రేలును. పలకలోని ఫ్యూజు పోయినచో అదే విలువ గలది పెట్టవలెను గాని రాగితీగ చుట్టరాదు. క్రొత్త ఫ్యూజును వెంటనే పోయినచో లోపల వేరొక భాగము కాలినది. అక్కడ మన పని ఆగును, మెకానిక్కు పని మొదలగును.

మన హోసూరు వైపువారికి ఈ సామాను బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో దొరకును, చెన్నైకి పోవువారు రిచీ వీధిలో కొనవచ్చును. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన కర్ణాటకమున దుకాణముల భాష కన్నడము, ఇక్కడ తమిళము. కెపాసిటరు, ఫ్యూజు, బ్యాక్‌లైటు అను మాటలకు మాత్రము మూడు భాషలలోను బేధము లేదు. దుకాణమునకు పోవు ముందు ఒక కాగితము మీద సూచకదీపము వెలిగినదా, తీగ ఊడదీసినప్పుడు అక్షరములు వచ్చినవా, టార్చి వెలుగులో ఏమి కనబడినది, ఈ మూడు వ్రాసికొనుడు. ఆలోచన తెలుగులో చేసికొని, మాట తమిళములో చెప్పినను సరియే. లక్షణములు వరుసగా చెప్పగలవానితో మెకానిక్కు బేరము వేరుగా ఉండును.

తెర గాజు పగిలినను, నిలువు గీతలు స్థిరముగా నిలిచినను మరమ్మతు వెల ఇంచుమించు క్రొత్తదాని వెలకు చేరును; అట్టిదానిపై వ్యయము వలదు. కాని దానిని చెత్తకుప్పలో వేయరాదు, కాల్చరాదు. గొట్టపు దీపములలో పాదరసమును, పాత బుడ్డి గాజులో సీసమును కలవు. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము వీనిని నమోదైన సంస్థలే శుద్ధిచేయవలెను. ఇచ్చివేయుటకు ముందు విద్యుత్ తీగను, సంకేతపు తీగను తీసి దాచుకొనుడు. ప్రక్కింటివారి మానిటరును పరీక్షించుటకు అవి అక్కరకు వచ్చును.