పులిరాజా ఇంకా గుర్తున్నాడు

టీవీలో ఒక ప్రకటన అర నిమిషం కన్నా ఎక్కువసేపు ఉండదు. అయినా కొన్ని ఏళ్ళ తరబడి మన నోట్లో ఆడుతూనే ఉంటాయి. మీ ఇంట్లో యాభై ఏళ్ళు దాటిన వారిని నిర్మా సబ్బుపొడి పాట పాడమని అడగండి. ఎక్కడా తడబడరు. 1982లో టీవీలోకి వచ్చిన ఆ పాటలో సరుకు పేరే మళ్ళీ మళ్ళీ వస్తుంది. పాట గుర్తుంటే పేరు గుర్తున్నట్టే. సబ్బు అమ్మేవారికి అంతకు మించి అక్కరలేదు.

జబ్బుల విషయంలో పేరొక్కటే గుర్తుంటే చాలదు. "నిండు జీవితానికి రెండు చుక్కలు" అన్న పోలియో ప్రకటన చూడండి. ఏం వేయించాలో, ఎన్ని వేయించాలో ఆ చిన్న మాటలోనే ఉంది. తల్లి చేయవలసిందల్లా ఆదివారం నాడు బిడ్డను ఎత్తుకుని రావడమే. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇదంతా టీవీ వల్లే జరిగిందని కాదు. ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల కష్టం అందులో చాలా ఉంది.

ఇక సినిమా హాలులో "ఈ నగరానికి ఏమైంది?" అంటూ వచ్చే పొగాకు ప్రకటన ఎంత అలవాటైపోయిందంటే, 2018లో అదే పేరుతో ఒక తెలుగు సినిమా వచ్చింది. మాట నిలిచింది గాని, హాలులో చాలామందికి అది నవ్వులాటగా మిగిలింది.

అన్నిటికన్నా ఆలోచించవలసినది పులిరాజా సంగతి. 2000 తరువాత తొలి సంవత్సరాలలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న రాష్ట్రమంతటా హోర్డింగుల మీదా టీవీలోనూ కనిపించేది. అప్పుడు మన రాష్ట్రం హెచ్ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. ఆ జబ్బు పేరు నలుగురిలో ఎత్తడానికే జంకే రోజులవి. 2002లో ముంబయిలో బల్బీర్ పాషా అనే కల్పిత పేరుతో ఇలాంటి ప్రశ్నే వేశారు. ఆ బాటలోనే మనకు పులిరాజా వచ్చాడు.

ఎందుకంత నాటుకుంది? నీకు వస్తుందా అని అడిగితే ముఖం తిప్పుకుంటాం. పక్కవాడికి వస్తుందా అంటే చెవి ఒగ్గుతాం. పైగా జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్న మనసులో ముల్లులా ఉండిపోతుంది. పులిరాజా ఎవరని పిల్లలు అడిగితే పెద్దలు నీళ్ళు నమిలేవారు. చెప్పుకోలేని మాటను టీ కొట్టు దాకా తెచ్చిందంటే అది చిన్న పని కాదు.

కాని ఆ ప్రశ్నతోపాటు అప్పటి భయం కూడా నాటుకుంది. ఎయిడ్స్ అంటే ఇక చావే అన్న భయం అది. ఈ ఇరవై ఏళ్ళలో జవాబు మారింది. హెచ్ఐవి క్రిమి ఒంట్లో చేరడం వేరు, ఎయిడ్స్ దశకు చేరడం వేరు. త్వరగా పరీక్ష చేయించుకుని ఏఆర్‌టీ మాత్రలు రోజూ తప్పకుండా వేసుకుంటే పులిరాజాకు ఎయిడ్స్ రాకుండా ఆపవచ్చు. ఈ మందులను ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి, కణాల లెక్క పడిపోయే దాకా ఆగకుండా, క్రిమి ఉన్నట్టు తేలిన వారందరికీ మొదలుపెడుతున్నారు. మందులు వాడుతూ రక్తంలో క్రిమి పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిచిన వారి నుంచి కలయిక ద్వారా అది మరొకరికి సోకదు. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీ కేంద్రాలలో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. జబ్బు ఉందని పనిలోంచి తీసివేయడం, వైద్యం నిరాకరించడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం.

ఆ హోర్డింగు పులిరాజా గురించే అడిగింది, ఇంట్లో ఉన్న ఆయన భార్య గురించి అడగలేదు. గర్భిణులకు మొదట చేసే రక్త పరీక్షలలో హెచ్ఐవి పరీక్ష కూడా ఉంటుంది. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. తల్లి మందులు వాడి, పుట్టిన బిడ్డకూ మందు వేయిస్తే అది 5 కంటే తక్కువకు పడిపోతుంది.